పీడీఎఫ్ పుణ్యాత్ములకు జేజేలు

తెలుగు సాహిత్యాన్ని ఎవరు బతికిస్తున్నారని అడిగితే పొరపాటున కూడా రచయిత వైపు చూపించకండి, నవ్విపోతారు. ఆ భారమంతా ఇప్పుడు పీడీఎఫ్ గ్రూపుల అడ్మిన్లు మోస్తున్నారు. పొద్దున్నే ఓ గుడ్ మార్నింగ్ గులాబీ, వెనకే దేవుడి బొమ్మ, ఆ వెనకే నిరుడు అచ్చయిన నవల, అట్ట నుంచి అట్ట దాకా. ఇక దణ్ణాల వాన. "ధన్యోస్మి సార్", "మీ సాహితీ సేవ మరువలేం". అడ్మిన్‌ది సాహితీ సేవ, సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్న రచయితది కంచి గరుడసేవ.

స్కాన్ ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. అంకితం, ముందుమాట, అచ్చుతప్పుల పట్టిక, ఏదీ వదలరు. "సర్వహక్కులు రచయితవి" అన్న పేజీని కూడా వెలుతురు సరిచూసుకుని మరీ తీస్తారు. పేజీ అంచున ఓ బొటనవేలు పడుతుంది. దొంగ తనంతట తానే వేలిముద్ర ఇచ్చిపోయే నేరం లోకంలో ఇదొక్కటే. ప్రతి పేజీ మీదా ఏటవాలుగా గ్రూపు పేరు. చివర ఓ హెచ్చరిక: "మా పేరు తీసేసి ఫార్వర్డ్ చేయరాదు. మా శ్రమను గౌరవించండి." అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం పాత సంగతి. ఈ అల్లుడు శిలాఫలకం కూడా వేయించుకుంటున్నాడు.

ఇదేమిటయ్యా అంటే చట్టం చెబుతారు. "ఓన్లీ ఫర్ ఎడ్యుకేషనల్ పర్పస్ అని పెట్టాం కదండీ!" ఆ నాలుగు ముక్కలూ చూసి 1957 నాటి కాపీరైట్ చట్టం తోక ముడిచి పారిపోతుందని వీరి నమ్మకం. 52వ సెక్షన్ సొంత చదువుకూ పరిశోధనకూ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది, నిజమే. వెయ్యిమంది ఉన్న గ్రూపులో నవల మొత్తం కుమ్మరించడం ఎవరి సొంత చదువో మరి. ఇంకాస్త తెలిసినవారు 2016 నాటి ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు తీస్తారు. అక్కడ హైకోర్టు ఒప్పుకున్నది విద్యార్థులకు పాఠాలకు కావలసిన భాగాలు జిరాక్స్ తీసివ్వడాన్ని. రిటైరైన మేనేజర్లకు డిటెక్టివ్ నవలలు పంచడాన్ని కాదు. 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలూ, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. "పైసా తీసుకోలేదండీ" అన్నది శిక్ష తగ్గించమని వేడుకోవడానికి పనికొచ్చే మాట, నేరమే లేదనడానికి కాదు. అయినా భయం దేనికి? వకీలు ఫీజు కట్టే స్తోమత ఉంటే మన రచయిత ఆ డబ్బుతో ఇంకో పుస్తకం వేసుకునేవాడు.

పుస్తకం కొనలేని పేద విద్యార్థిని ఒక్క మాట అనను. కానీ "రెండో భాగం కూడా పెట్టండి ప్లీజ్" అని డాలస్ నుంచి అడిగే బాబుగారు ఏ సంక్షేమ హాస్టల్లో ఉంటున్నారో తెలియదు.

ప్రచురణకర్తలకూ ఓ దండ వేయాలి. కాపీలు అయిపోయి ఏళ్లు గడిచినా మళ్లీ వేయరు, ఈ-బుక్ తేరు, అడిగితే "ప్రింటులో లేదండీ" అని ఫోన్ పెట్టేస్తారు. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు తలుపు తీసింది. ఆ జాబితాలో తెలుగు లేదు. పట్టుబట్టి అడిగినవాడెవడు? కొట్టు మూసేసి గుర్రుపెట్టి నిద్రపోతే దొడ్డిదారి బాగానే నడుస్తుంది.

పంచాలన్న తపన అంతగా ఉంటే చట్టమే దారి చూపించింది. రచయిత పోయాక 60 ఏళ్లు ఆగితే చాలు. 1915లో పోయిన గురజాడనూ, 1919లో పోయిన కందుకూరినీ, 1946లో పోయిన చిలకమర్తినీ కావలసినంత మందికి పంచండి, ఎవరూ అడ్డురారు. శ్రీశ్రీ పోయింది 1983లో, కాబట్టి 2043 ముగిసేదాకా ఓపిక పట్టండి. బతికున్నవారి పుస్తకం కావాలంటే వారికే ఫోన్ చేయండి. చాలామంది పుస్తకంలోనే నంబరు వేసుకుంటారు, తామే ప్యాక్ చేసి పోస్టాఫీసుకు వెళ్లి పంపిస్తారు.