కుక్క గోక్కుంటోంది, ముందు చూడండ్రా

ఒరేయ్ అబ్బాయిలూ, మా రోజుల్లో కుక్క గోక్కుంటే ముందు దాన్ని చూసేవాళ్ళం. పొద్దున్నే ఎండ పడే అరుగు మీద మా నాయనమ్మ మా కుక్క ఎర్రోణ్ణి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మాకు పేలు చూసినట్టే పాయలు పాయలుగా బొచ్చు విడదీసి చూసేది. చెవి మడతలు, చంకలు, వేళ్ళ సందులు, తోక మొదలు, ఏదీ వదిలేది కాదు. పిడుదు దొరికితే లాగి నిప్పుల్లో వేసేది. మరి మీరో? కుక్క కాలెత్తి గోక్కోగానే ఫోటో తీసి నలుగురికి పంపిస్తారు, నాలుగు రకాల షాంపూలు తెప్పిస్తారు. కుక్క ఎదురుగానే ఉంది కదరా, దాన్ని చూడరేం?

మా మనవడు విజయవాడలో ఫ్లాట్‌లో లాబ్రడార్‌ని పెంచుతున్నాడు. ఏడాదిపాటు దాని గోల చూడలేకపోయాను. పొట్ట కింద ఎర్రటి దద్దుర్లు, పాదాలు నాకి నాకి లేతరంగు బొచ్చు కాస్తా తుప్పురంగుకి తిరిగింది. తీసుకెళ్ళడం, స్టెరాయిడ్ ఇంజెక్షను పొడిపించుకురావడం, నాలుగు రోజులు నిమ్మళం, నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు. దురద అణిగింది గానీ ఎందుకొస్తోందో అడిగినవాడు లేడు. అందరికీ తొందరే.

ఆఖరికి ఒక డాక్టరమ్మ దొరికింది. మా నాయనమ్మ లాగే కింద కూర్చుంది. సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్లగుడ్డ మీద వేసింది. చుట్టూ ఎర్రగా ఊరితే అది గోమార్ల రెట్ట, అందులో ఉండేది కుక్క నెత్తురేనట. ఊరలేదు. బ్లేడుతో చర్మాన్ని రవ్వంత నెత్తురు చిమ్మేదాకా గీకి మైక్రోస్కోపు కింద పెట్టింది. గజ్జిపురుగూ లేదు. గజ్జయితే చెవి అంచులూ మోచేతులూ పట్టుకుంటుందనీ, ఇంట్లో మనుషులకీ దురద పెడుతుందనీ, గోమార్లు పడకపోతే తోక మొదట్లో గోక్కుంటుందనీ, పాదాలు, మూతి, పొట్ట అయితే ఎలర్జీని అనుమానించాలనీ చెప్పింది. పైన చేరిన చీముకీ బూజుకీ ముందు మందిచ్చి, అప్పుడు అసలు పని పెట్టింది. అంతకుముందెన్నడూ తినని చేపా చిలగడదుంపా తప్ప 8 వారాలు ఇంకేమీ పెట్టకూడదు. ఒక్క బిస్కెట్ ముక్క కూడా.

8 వారాలు! మావాడు గుడ్లు తేలేశాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడమే కదరా మా రోజుల్లో వైద్యమంటే!

అంతా బాగానే చేశామనను. మాకు పుండైనా, బూజైనా, పురుగైనా అన్నీ గజ్జే. వేపనూనె రాసేవాళ్ళం, గంధకం కొబ్బరినూనెలో కలిపి పూసేవాళ్ళం. ఒక ఏడు ఎర్రోడికి ఒళ్ళంతా బొచ్చు ఊడిపోతే, ఎవరో చెప్పారని ట్రాక్టరు నుంచి తీసిన మాడిన ఇంజనాయిలు నా చేతులతోనే పట్టించాను. అది ఆ నూనె నాక్కుంది. నాలుగు రోజులు మెతుకు ముట్టలేదు, ఐదో రోజు గడ్డివాము చాటున దొరికింది. ఆ నూనె విషమని అప్పుడు చెప్పినవాడు లేడు. మీకు అడిగితే చెప్పేవాళ్ళున్నారు, అయినా ఇంజెక్షనుతో సరిపెట్టుకుంటారు. నా కోపమల్లా అదే.

ఆరో వారానికి లాబ్రడార్ నాకడం మానేసింది. 8 వారాలూ నిండాక పాత తిండి ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడమంది డాక్టరమ్మ. కోడిమాంసం పెట్టాం, రెండు వారాలు చూశాం, ఏమీ కాలేదు. గోధుమా అంతే. ఆ తర్వాత పెరుగు. నాలుగో రోజు రాత్రి మంచం కింద నుంచి పాదాలు నాకుతున్న చప్పుడు వినిపించింది.

పెరుగన్నం దానికి అలవాటు చేసింది నేనే. మా ఇళ్ళలో కుక్కలు మజ్జిగన్నం తిని పదేసేళ్ళు బతికాయని మావాడితో పోట్లాడి మరీ పెట్టాను. దీనికి పడలేదు.

ఇప్పటికీ నేను రాత్రి పెరుగన్నం కలుపుకుంటుంటే వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. దాని కేసి చూడకుండా తినేసి, పళ్ళెం శుభ్రంగా కడిగి బోర్లించి వస్తాను.