నవ్వే పేరు, నవ్వని మనిషి

చోడవరం, రావికమతం ప్రాంతపు పల్లెల్లో పిల్లవాడి పేరు వినగానే ఆ ఇంటివారు ఏ వేల్పుకు మొక్కుకున్నారో చాలావరకు తెలిసిపోతుంది. నూకరాజు వెనుక అనకాపల్లి నూకాలమ్మ, అప్పలనాయుడి వెనుక సింహాచలం అప్పన్న ఉంటారు. పెంటయ్య అన్నారంటే, ముందు పుట్టినవారు దక్కకపోవడంతో ఆ బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారన్నమాట. క్రైస్తవ కుటుంబాల్లో వినిపించే ఇస్సాకు అనే పేరులో మాత్రం మొక్కూ లేదు, పెంటా లేదు, ఉన్నదల్లా నవ్వు.

దీని హీబ్రూ రూపం ‘యిత్సహాక్’, అంటే ‘అతడు నవ్వుతాడు’ అని అర్థం. ఇష్మాయేలు అంటే ‘దేవుడు ఆలకిస్తాడు’ అయినట్టే, ఇదీ ‘దేవుడు నవ్వుతాడు’ అనే నిండు పేరుకు కుదింపు కావచ్చునని కొందరు పండితులు ఊహించారు గాని, బైబిలులోని ఆదికాండం నవ్వును నేరుగా తల్లిదండ్రులకే అంటగట్టింది. నూరేళ్లకు చేరువైన తనకు, తొంభై ఏళ్ల శారాకు కొడుకు పుడతాడని విన్న అబ్రాహాము సాగిలపడి మరీ నవ్వాడు. ముఖం కనబడదు గనుక అది తెలివైన పద్ధతే. గుడారంలో తనలో తాను నవ్వుకున్న శారా మాత్రం పట్టుబడి, నవ్వనే లేదని బుకాయించింది.

ఇంతా చేసి, అలా పుట్టిన ఇస్సాకు పకపకా నవ్వినట్టు ఆదికాండం ఎక్కడా చెప్పదు. నవ్వుతోపాటు ఆట, ఎగతాళి, సరసం అనే అర్థాలు కూడా ఉన్న ఆ ధాతువు అతడి పరంగా వచ్చేది ఒక్కచోటే: గెరారులో భార్య రిబ్కాను చెల్లెలని నమ్మించి కాపురముంటూ, రాజు అబీమెలెకు కిటికీలోంచి చూసేసరికి ఆ ‘చెల్లెలి’తో సరసమాడుతూ దొరికిపోయినప్పుడు. రాజుగారికి నిఘంటువు అవసరం రాలేదు.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయబూనినప్పుడు, మత్తయి వంశావళితో మొదలవుతుంది గనుక, రెండో వచనంలోనే ఈ పేరు ఎదురై ఉండాలి. నేటి హీబ్రూవారు పలికే ‘త్స’ ధ్వని, ‘ౘాప’ అనగల తెలుగు నోటికి కొట్టిన పిండే. అయితే గ్రీకు సువార్తలో పేరు అప్పటికే ఆ ధ్వని పోయి ‘ఇసాక్’ అయిపోయింది.

అదే పేరు ఇంగ్లండులో ఐజాక్ అయి న్యూటన్‌కు దక్కింది. ఆయన దగ్గర ఐదేళ్లు లేఖకుడిగా ఉన్న హంఫ్రీ న్యూటన్, ఆయన నవ్వగా చూసింది ఒకే ఒక్కసారని చెప్పాడు. యూక్లిడ్ జ్యామితి చదివితే ఏమిటి లాభమని ఎవరో అడిగినప్పుడు ఆ పేరు సార్థకమైందట.