శిరోభారిణి: ‘మా రోజుల్లో’ అను మహావాక్యమునకు బిలాస్‌పూరు టీక

మూలము

“ఏటైనా చెప్పరా అబ్బాయ్, మా రోజుల్లో పాటలంటే పాటలు. క్యా జమానా థా యార్! ఇప్పుడివి పాటలేటి, డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు!”

అవతారిక

ఈ మహావాక్యమునకు ఋషి రిటైరైన గార్డు. (2022 నుంచి ఆ కొలువును ట్రైన్ మేనేజరు అనవలెనని రైల్వే బోర్డు శాసనము. రిటైరైనవారిని ఆ శాసనము అంటదు.) ఋషి ఒక్కరు కారు, వరుసగా నలుగురైదుగురు కూర్చుందురు గాన గౌరవమునకే కాక లెక్కకును బహువచనము. ఛందస్సు గద్యము. దేవత ఇళయరాజా, ఉపదేవత బప్పీ లాహిరి. వినియోగము, ఎదుటివారి నోరు మూయించుట. జపస్థలము బిలాస్‌పూరు రైల్వే ప్రాంతమున బారా ఖోలీ దగ్గర సోలాపురి మాత పూజకు వేసిన పందిరి. కాలము, ప్రసాదము ముగిసి ఆర్కెస్ట్రావారు మైకు సరిచూచుకొను వేళ. ఆసనము, ముందు వరుసలోని ప్లాస్టిక్ కుర్చీ.

ఆ కుర్చీలోంచి వాక్యం వెలువడగానే, స్టేజీ పక్కన గజ్జెలు కట్టుకుని నిలబడ్డ ఆడపిల్లల పాట జాబితాలో కిందికి జారిపోతుంది. పోయిన యేడూ అంతే, అంతకు ముందూ అంతే. పది దాటాక ‘ఇంక టైము లేదమ్మా’ అంటారు. గజ్జెలు విప్పుకుని పిల్లలు ఇంటికి పోతారు. టీక రచించుటకు ఇదియే హేతువు.

శైలీ విచారము

ప్రతిపదార్థము సుగమము గావున వదలితిమి. మెదకు సీమలో కొల్చారం వాడైన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగము మాకు శిరోధార్యము. రెండవ సగమును పాటించినచో ఈ టీక ఇచటనే ముగియును.

మూలము మణిప్రవాళ శైలిలో నున్నది. ‘ఏటి’ విజయనగరం, శ్రీకాకుళం సొత్తు. ‘యార్’ ఇక్కడిది. ఈ రెండింటినీ ఒకే నోట కూర్చిన కవి పేరు బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో పుట్టిన ఆ కంపెనీ, 1931 నాటికి రాయపూర్ నుంచి విజయనగరం దాకా లైను పూర్తి చేసింది. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి గ్యాంగుమన్‌లూ ఖలాసీలూ ఫైర్‌మన్‌లూ బొగ్గు మసితో సహా ఈ వైపుకు వచ్చారు. వారి మనుమలకు తెలుగు నోటికి వచ్చును, చేతికి రాదు. సంతకము నాగరిలో, తిట్టు తెలుగులో. ఈ విషయముతో మరల పని పడును.

పాఠాంతరములు

‘పాటలంటే పాటలు’ అన్నారు. ఏ పాటలు? ఏ ప్రతిలోని పాటలు? ఇది తేలనిదే అన్వయము కుదరదు.

కంపాక్ట్ క్యాసెట్టును ఫిలిప్స్ వారు 1963లో లోకమునకు ప్రసాదించిరి. అందులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుచును. సి-60 అనగా రెండు సైడులకు 60 నిమిషములు. సైడుకు అరగంట, అనగా సుమారు 86 మీటర్ల టేపు. (పెన్సిలు దూర్చి రీలు తిప్పిన ముచ్చట కొరకు కాచుకున్న పాఠకులు క్షమింతురు గాక. దానిని రాయనివారు తెలుగునాట మిగలలేదు.)

1989లో ‘గీతాంజలి’ వచ్చింది, అదే యేడు ‘శివ’. 1990లో ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’. బుధవారీ బజారులో హిందీ క్యాసెట్లు కుప్పలు పోసి అమ్మేవారు. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ వాటిని అంత చవక చేసింది. తెలుగు క్యాసెట్టు కావాలంటే మాత్రం విజయనగరమో విశాఖో పోవాలి. పాసు మీద ఊరెళ్లినవాళ్లు చింతపండు మూటలో, ఆవకాయ జాడీకి దెబ్బ తగలకుండా కుక్కిన చీరల్లో ఒకటో రెండో తెచ్చేవారు. అది మూలమాతృక. దాన్ని తెచ్చినవాళ్లు ఎవరికీ ఇచ్చేవారు కాదు. డబుల్ డెక్కు ఉన్న ఇంటికి స్వయంగా మోసుకెళ్లి, పక్కనే కూర్చుని, ప్రతి తీయించి, మళ్లీ మోసుకొచ్చేవారు. ఆ ప్రతికి ప్రతి, దానికి ఇంకో ప్రతి. తరం మారేకొద్దీ బుస పెరుగుతుంది, తాళం మీది మెరుపు తగ్గుతుంది. నాలుగో ప్రతి దగ్గరికి వచ్చేసరికి వయొలిన్లు ఉన్నాయని నమ్మాలి, అంతే.

సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాలకు రాత ప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాలు పోల్పించి, 1829లో అచ్చు వేయించాడు. బిలాస్‌పూరు గీతాంజలికి అంతటి పరిష్కర్త దొరకలేదు. ఆ లోటును ఈ వ్యాఖ్యాత్రి యథాశక్తి పూరించుచున్నది.

ప్రధానముగా మూడు శాఖలు, ఈ ఊరి పేటల పేరిట. తోర్వా శాఖలో పాట పల్లవి మధ్యలో మొదలగును, లేఖకుడు పాజ్ మీటను ఆలస్యముగా వదలుటచేత. తార్‌బహార్ శాఖలో సైడు చివరి పాటకు ఆఖరి చరణము లుప్తము, టేపు చాలనందున. కన్‌స్ట్రక్షన్ కాలనీ శాఖ మిక్కిలి విచిత్రము. ఆ ఇంట డబుల్ డెక్కు లేదు. రెండు టేపురికార్డర్లను ఎదురెదురుగా పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని, మైకుతో పట్టారు. కుక్కరు ఎవరి మాటా వినదు కదా. కనుక ఆ శాఖలో రెండవ పాట మధ్య మూడు ఈలలు ప్రక్షిప్తములు. వెనుక యార్డులో షంటింగ్ ఇంజను ఒకటి వినవచ్చును. అది ప్రక్షిప్తము కాదు, స్థానిక పాఠమనియే మా అభిప్రాయము.

ఇంకొక జాతి కలదు. పాత క్యాసెట్టు పైభాగాన విరిచేసిన మూలల మీద కాగితం అంటించి, దాని మీదనే కొత్త పాటలు ఎక్కించినది. అట్టి ప్రతిలో పాటకూ పాటకూ నడుమ సందులో కింది పొర బయటపడును. మేమెరిగిన ఒక దానిలో పై పొర ‘గీతాంజలి’, కింది పొర ‘మైనే ప్యార్ కియా’. రెండూ 1989వే. రెండింట పాడినవారు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారే. కావున చెరిపినను గాయకుడు చెరగలేదు. హిందీ పిల్లలు సల్మాన్ ఖాన్ పాటని చెప్పుకొని మురిసిపోతుంటే, ‘ఆ గొంతు మావాడిదిరా’ అని మా కాలనీ కుర్రాళ్లు బడిలో కొట్టుకున్నంత పని చేసేవారు. ఆ గర్వం నాకూ ఉండేది. ఇప్పటికీ ఉంది.

ప్రతుల పరిష్కారమున ఒక సూత్రము: రెండు ప్రతులలో ఒకే తప్పు కనబడినచో రెండింటికి తల్లి ఒక్కటి. దీనిని ప్రయోగించి చూడగా, నీళ్ల పంపు దగ్గర తగువై ఏళ్ల తరబడి మాటలు లేని రెండు ఇళ్ల క్యాసెట్లలో అవే మూడు కుక్కరు ఈలలు వినవచ్చినవి. పెద్దలకు మాటలు లేవు. క్యాసెట్టు గోడ దాటింది. దాటించినది ఎవరో, ఎవరికో, ఊహ పాఠకులకే వదలితిమి. ఆ పెళ్లి మాత్రము జరగలేదు.

ఈ శాఖాభేదములకు ఫలము ఏమనగా, విశాఖ నుంచి వచ్చిన ఆర్కెస్ట్రా గాయకుడు పాటను పూర్తిగా పాడితే, తార్‌బహార్ శాఖవారు మొహమొహాలు చూసుకుంటారు. ‘ఈ చరణం వీడు కల్పించాడు’ అని ఒక ఋషి నా ముందే అన్నారు. వేటూరి వారికి అంతకన్న నివాళి ఏముంటుంది!

మహావాక్యమును మరచితిమి. ప్రకృతమునకు వత్తము.

పూర్వపక్షము

‘ఆ పాటలు నిజంగానే మంచివి కావా?’ అందురేమో. మంచివే. ఎవరు కాదన్నారు? విచార్యాంశము పాట కాదు, డబ్బా.

ఋషిగారి తండ్రి వేరొక మహావాక్యమునకు ఋషి. 1974లో ఘంటసాల పోయారు, పాట కూడా ఆయనతోనే పోయింది అన్నది వారి దర్శనము. వారి తండ్రికి సినిమా పాటే పాట కాదు. హార్మోనియం ముందు రాగం తీసి పద్యం విసిరితే, వన్స్‌మోర్ కొడితే, అదీ. ఇట్లు వెనుకకు పోగా పోగా ఎచటను నిలువ చోటు లేదు. దీనినే తార్కికులు అనవస్థా దోషమందురు. పాతదైనంత మాత్రాన మంచిది కాబోదని కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో చెప్పెను. ముందు వరుసవారు ఆ మాటను ఒప్పుకొందురు, అది పాతది గనుక.

ఉపమాలంకారమును గూర్చి ఒక మాట. డబ్బాలో గులకరాళ్లు అను ఉపమ ఋషిగారి స్వకల్పితము కాదు. ‘డిస్కో డాన్సర్’ 1982లో వచ్చింది. తలకు పట్టీ కట్టి, పూజ పందిట్లో మిథున్ చక్రవర్తిలా నడుము తిప్పుతున్న ఇదే ఋషిని, కుర్రాడిగా ఉన్నప్పుడు, చూసి వాళ్ల నాన్న అన్న మాట అది. మా అమ్మ విన్నది, చెప్పింది. 1991లో ‘గ్యాంగ్ లీడర్’ వచ్చినప్పుడు అదే ఉపమ అదే బప్పీ లాహిరి మీద మళ్లీ పడింది. క్వార్టరు రిటైరైన నాడు రైల్వేకు అప్పగించవలెను. ఉపమకు ఆ నియమము లేదు గాన తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించెను.

ప్రమాణ విచారము

ఎవరి రోజులవి?

టూ-ఇన్-వన్ ముందు గదిలో, అరుగు వైపు మొహం పెట్టి ఉండేది. మీట అన్నయ్య చేతిలో ఉండేది. అరుగు మీద అన్నయ్య జట్టు కూర్చునేది. మేం గోడకు ఇవతల, స్టవ్వు శబ్దంలోంచి విన్నాం. అందుకే ఆ పాటల్లో నాకు వాద్యాల ముక్కలన్నీ కంఠతా వచ్చు, మాటలు సగమే వచ్చు. మాటలు వచ్చే చోట వాళ్లు గట్టిగా మాట్లాడుకునేవారు. ‘శివ’ 1990లో హిందీలోనూ వచ్చింది గనుక, తెలుగువాడా హిందీవాడా అని లేకుండా కుర్రాళ్లందరూ సైకిలు చైను లాగి చూసుకున్నారు. ఆడపిల్లలకు సైకిలే లేదు. ‘మా రోజులు’ అని వాళ్లు అంటుంటే నేను ఆ రోజుల్లో ఎక్కడున్నానో వెతుక్కుంటాను. పప్పు తిరగమోత పెడుతూ ఉన్నాను.

ఇంకొకటి. 1996 జనవరిలో రైల్వే జోను కోసం ఈ ఊరు భగ్గుమంది. 2003లో జోను వచ్చింది. ఆ గొడవ ముందు వరుస స్మృతుల్లో రాదు. కల్వర్టు మీద కూర్చుని రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు కాగితం కోసం ఏళ్లు ఎదురుచూసిన కుర్రాళ్లూ రారు. ఆ కల్వర్టు మీద అందరూ అవే పాటలు విన్నారు. కాగితం కొందరికే వచ్చింది. క్యా జమానా థా అంటున్నది ఆ కొందరు. రానివాళ్లు ఈ కుర్చీల్లో లేరు. ఒకాయన పందిరి బయట టీ అమ్ముతాడు. ఆయన్ని అడిగితే జమానా గురించి ఏమీ అనడు. ‘అల్లం వెయ్యాలా అమ్మా?’ అంటాడు.

చివరగా పిల్లల పాట. ఈసారి వాళ్ల చేతిలో కాగితం చూశాను. మాటలన్నీ నాగరి లిపిలో రాసుకున్నారు. తెలుగు అక్షరం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఋషిగారు ఆ కాగితం తీసుకుని, పక్కవారికి చూపించి నవ్వారు.

“మావయ్యా, అది తెలుగు పాటే” అన్నాను.

“తెలుగా? నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదమ్మా!”

ఆ పిల్లలు ఫోనులో వందసార్లు విని, ఒక్కో ముక్కా పట్టుకుని రాసుకున్నారు. ఈ యేడు వాళ్లు నేర్చిన తెలుగంతా ఆ ఒక్క కాగితం. అది జాబితాలో కిందికి పోయింది.

తాత్పర్యము

వచ్చే పూజకు ఆర్కెస్ట్రా రాత్రిని సి-60 లెక్కన నడుపవలెను. ఒక సైడు కుర్చీలవారిది, అరగంట. ఒక సైడు గజ్జెలవారిది, అరగంట. ఏది ముందన్నది చీటీ వేసి తేల్చవలెను. చీటీ తీయు చేయి ముందు వరుసది కారాదు. సైడు ముగియగానే, చరణము నడుమ నున్నను, ఎంతటి పాటైనను, మైకు కట్టివేయవలెను. ఆక్షేపించువారు తార్‌బహార్ పాఠమును ప్రమాణముగా చూచునది.