నాలుగో చార

ఇంటికి రంగులేయించుకునేవాళ్లు మామూలుగా చేసే తప్పులు కొన్నున్నాయి. పాత రంగు గీకరు. గోడలో చెమ్మ ఆరకముందే లప్పం పెట్టిస్తారు. ప్రైమర్ దండగంటారు. కార్డు మీద గోరంత ముక్క చూసి గోడంతా పూయించి, ఆనక లబోదిబోమంటారు. ఇవన్నీ చిన్న తప్పులు. అసలు తప్పు ఆ ఇల్లు మనది కాకపోవడమేనని 2020 జూన్‌లో ఓ బుధవారంనాడు సుప్రీంకోర్టు తేల్చేసినట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసుల మీద పూసిన అప్పటి అధికార పార్టీ రంగులు నాలుగు వారాల్లో తీసెయ్యాలంది. కోర్టులకు చట్టం తెలుసు గానీ పెయింటింగు తెలీదు. హైకోర్టు రంగులు తీసెయ్యమన్నాక, ఆ ఏడాది ఏప్రిల్ 23న వచ్చిన 623ను వాళ్లు ఉత్త జీవో అనుకున్నారు. నిజానికది గృహాలంకరణ గ్రంథం. కొత్తిల్లు కట్టుకున్న ప్రతివాడూ వాస్తు పుస్తకం పక్కన పెట్టుకోదగ్గది.

పద్ధతి చెబుతాను. ముందు మూడు రంగులు ఎంచుకోండి. ఏవి ఎంచుకోవాలా అని బుర్ర బద్దలుకొట్టుకోకండి, మీ భుజం మీది కండువా చూసుకుంటే సరి. పూయించెయ్యండి. మీ ఆవిడ ఊరుకోదు. "ఇదేమన్నా ఇల్లా, పార్టీ ఆఫీసా? గీకించండి" అని గడువు పెడుతుంది. మీరు మామగారి దగ్గరికి అప్పీలుకు వెళతారు. ఆయన కూతురి మాటే ఖాయం చేస్తాడు. మామూలు మొగుడైతే ఇక్కడ నోరు మూసుకుని ఎమరీ పేపరు కొనుక్కొస్తాడు. అక్కడే పప్పులో కాలేస్తాడు!

623 చదివినవాడు గీకడు, కలుపుతాడు. ఆ మూడు చారల పక్కనే ఎర్రమట్టి రంగుతో నాలుగో చార వేయిస్తాడు. వేయించి ఆవిడతో అంటాడు: "నువ్వు వద్దన్నది మూడు రంగుల ఇల్లు. ఇది నాలుగు రంగుల ఇల్లు. దీని సంగతి నీ తీర్పులో లేదు." పిల్లాడు పక్కవాడి పేపరు మక్కికి మక్కి దించేసి, చివర్లో ఓ ఆవు బొమ్మ గీసి, ఇది కాపీ కాదన్నట్టు. ఆవిడ కాఫీ ఆపేస్తుంది. కంగారు పడకండి, దాన్ని ధిక్కారం కేసంటారు. మళ్లీ మామగారున్నాడుగా.

అప్పటికీ నమ్మకపోతే రంగులకు అర్థాలు చెప్పాలి. నీలమంటే చేపలూ రొయ్యలూ. ఆకుపచ్చంటే పంటలు. తెలుపు పాడి. ఎర్రమట్టి మన నేల తల్లి. ఇది నా పైత్యం కాదు, సర్కారువారి తాత్పర్యమే. భీమవరం రొయ్యల రైతు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, నీలం చార చూసి, కిలోకు మంచి ధర పలికినంత సంబరపడాలి. పాలకేంద్రంలో వెన్న శాతం తక్కువ కట్టారని ఏడ్చే ఆడమనిషి తెల్ల చారకు దణ్ణం పెట్టుకోవాలి. దుగ్గిరాల పసుపు రైతుకు ఏ రంగని మాత్రం అడక్కండి. ఆ రంగు అంతకుముందు సర్కారులో అన్న క్యాంటీన్ల మీద ఊరేగి ఊరేగి, సర్కారు మారాక కొత్త కోటింగు కింద పడుకుంది. అది పూసినప్పుడు మురిసినవాళ్లే ఆనక గోడల పవిత్రత గురించి ఉపన్యాసాలిచ్చారు.

చెమ్మ మాటంటారా? చెమ్మ కనపడకపోవడం కోసమే కదా రంగు. స్లాబు కారుతుంటే కింద బకెట్ పెట్టండి, వీలైతే నీలం బకెట్. నీళ్ల ట్యాంకుకు చారలు దిట్టంగా వేయించండి. అందులో నీళ్లున్నాయా లేవా అన్నది లోపలి విషయం, రంగు బయటి విషయం. రెంటినీ కలిపి మాట్లాడేవాడికి అభిరుచి లేదని అర్థం.

ఇక పాత రంగు గీకాలా వద్దా అన్న సందేహం. గీకక్కర్లేదని అప్పటి అనంతపురం జిల్లా తమ్మడేపల్లిలో 2019లోనే రుజువైంది. అక్కడి గోడ మీద అప్పటికే మూడు రంగులున్నాయి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ చక్రం. దాని మీదే పార్టీ రంగులు పూసేశారు. గాంధీ 150వ జయంతినాడు మొదలెట్టిన గ్రామ సచివాలయాల్లో ఒకటి అది. బ్రష్ పట్టిన కూలివాణ్ణి నేనేమీ అనను, చేతికిచ్చిన డబ్బా పూశాడు. ఆ డబ్బా అందించిన చెయ్యి ఎవరిది? జాతీయ జెండా కనపడి కూడా ఆగని ఆ చేతికి ఏం భయం పట్టుకుంది, ఎవరి భయం పట్టుకుంది?

623 వచ్చిన ఆ ఏప్రిల్ 23 అంటే కరోనా లాక్‌డౌన్ పెట్టి నెల. పిల్లల్ని భుజానేసుకుని వలస కూలీలు హైవేల మీద నడుస్తున్న రోజులు. పెయింటింగు మేస్త్రీలను ఒక్క ఇంటి గడప తొక్కనివ్వని రోజులు. ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివిన అధికారులు కూర్చుని, హైకోర్టు తీర్పుకు దొరక్కుండా నాలుగో చార గీయడమెలాగో ఆలోచించారు. సిగ్గులేకపోతే సరి.

పూసింది జనం డబ్బుతో. హైకోర్టులో, సుప్రీంకోర్టులో రెండేసిసార్లు వాదించింది జనం డబ్బుతో. తీర్పు తర్వాత గీకించి మళ్లీ సున్నం కొట్టించేదీ ఆ డబ్బుతోనేనా? చాలు. ఈ కూలి జీతాల్లోంచి కొయ్యండి. ఎవరి జీతాలని కమిటీ వేయక్కర్లేదు, జీవోల కింద సంతకాలున్నాయి.