నియమం మారాక: ఒక కార్డుల కట్ట ఆత్మకథ

నాలో 128 కార్డులున్నాయి. వాటికి తోడు బల్ల మీద వరసగా పరిచేవి మరో నాలుగు. ఒకదాని మీద ఒక ఎర్ర త్రిభుజం, ఇంకోదాని మీద రెండు ఆకుపచ్చ నక్షత్రాలు, తర్వాత మూడు పసుపుపచ్చ ప్లస్ గుర్తులు, చివర నాలుగు నీలి వృత్తాలు. నన్ను విస్కాన్సిన్ కార్డ్ సార్టింగ్ టెస్ట్ అంటారు. 1948లో అమెరికాలో మొదలైన వంశం మాది. నేను మాత్రం ఒక తెలుగు ఊరి ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో పనిచేశాను.

ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కో కార్డూ తీసి, ఆ నాలుగింటిలో దేని కింద పెట్టాలో తనే తేల్చుకోవాలి. రంగును బట్టా, ఆకారాన్ని బట్టా, సంఖ్యను బట్టా? ఎవరూ చెప్పరు. పరీక్ష పెట్టేవారి నోట వచ్చేవి రెండే మాటలు: ‘కరెక్ట్’, ‘తప్పు’. వాటితోనే మనిషి నియమాన్ని పట్టేస్తాడు. వరసగా పది కరెక్ట్ అయ్యాయో లేదో, చెప్పాపెట్టకుండా నియమం మారిపోతుంది. నా అసలు పని అక్కడ మొదలవుతుంది. కొత్తది నేర్చుకోవడం ఒక ఎత్తు, నేర్చుకున్నదాన్ని అవసరమైనప్పుడు వదులుకోవడం మరో ఎత్తు. ఈ రెండోదాన్ని కొలవడానికే నేనున్నాను.

ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. స్కిజోఫ్రీనియాతో డిగ్రీ మధ్యలోనే ఆపేశాడు. రంగు నియమాన్ని చకచకా పట్టాడు. తర్వాత నియమం ఆకారానికి మారింది. అతను మాత్రం ఎర్ర కార్డును ఎర్ర త్రిభుజం కిందే పెట్టాడు. ‘తప్పు.’ పచ్చదాన్ని పచ్చ నక్షత్రాల కింద. ‘తప్పు.’ ఇంకో కార్డు తీసి, సరైన చోటు మీద క్షణం ఆగి, మళ్ళీ రంగు దగ్గరికే వెళ్ళాడు. పెడుతూనే, “ఇది కూడా తప్పే కదండీ” అన్నాడు. చేతి చెమటకు నా అంచులు తడిశాయి.

బయట బెంచీ మీద వాళ్ళమ్మ నర్సుతో అంటున్న మాట తలుపు సందులోంచి వినబడుతోంది. “మావాడు ఇట్టాంటోడు కాదు సిస్టరమ్మా. ఈ రెండేళ్ళ నించే, ఒకటి పట్టుకుంటే వదలడు.”

ఆ రోజు పరీక్ష పెట్టినావిడ ఫైల్లో ‘సహకరించలేదు, మొండి’ అని రాసింది. అంతకంటే అన్యాయమైన మాట నా ఎదుట ఎవరూ రాయలేదు. నియమం మారినా పాతదాన్నే పట్టుకుని చేసే తప్పుకు పర్సెవరేషన్ అని పేరుంది. మూర్ఛకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు మాంట్రియల్‌లో పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ మా కార్డులే ఇచ్చి చూసింది. నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబ్‌లో కొంత భాగం తీసేసినవాళ్ళు పాత నియమాన్ని విడవలేకపోయారని 1963లో ప్రకటించింది. తప్పని తెలిసి కూడా చెయ్యి మళ్ళకపోతే, అది మొండితనం ఎలా అవుతుంది?

తర్వాత జన్యువుల మీద పనిచేసేవాళ్ళకూ మేం కావలసి వచ్చాం. 22వ క్రోమోజోమ్ మీద సీఓఎంటీ అనే జన్యువు ఉంది. అది తయారుచేయించే ఎంజైమ్ డోపమైన్‌ను విరిచేస్తుంది. ఫ్రంటల్ లోబ్ పనికి ఆ డోపమైన్ చాలా ముఖ్యం. ఈ జన్యువులో ఒక రకం ఎంజైమ్‌ను ఎక్కువ చురుగ్గా పనిచేయిస్తుంది. ఆ రకం ఉన్నవాళ్ళు మా దగ్గర పర్సెవరేషన్ తప్పులు ఎక్కువ చేశారని 2001లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు చెప్పారు. మనుషుల మధ్య కనబడిన తేడాలో ఆ జన్యువు వాటా నూటికి నాలుగు పాళ్ళే. అయినా మా వంశమంతా గర్వపడింది. తర్వాత చాలా చోట్ల చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే ఆ కాస్త సంబంధమూ గట్టిగా నిలబడలేదు. అది నాకు బాధే, కానీ నిజం తేలడం మంచిదే. సుమారు 77 వేల మంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యు సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనం, జన్యురాశిలో 287 చోట్ల ఈ జబ్బుతో సంబంధం చూపింది. ఈ సాధారణ తేడాల్లో ఏ ఒక్కదాని ప్రభావమైనా చాలా చిన్నది. ‘అమ్మ వైపు నుంచి వచ్చిందా, నాన్న వైపు నుంచా’ అని ఇంట్లో పోట్లాడుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండాలి.

జన్యువుల ప్రభావాన్ని ఎలుకల్లోనూ పరీక్షించారు. వాటికి కార్డులివ్వలేరు గనక టచ్‌స్క్రీన్ పెట్టారు. సరైన బొమ్మను ముక్కుతో తాకితే స్ట్రాబెరీ మిల్క్‌షేక్ దొరుకుతుంది. నేర్చుకున్నాక జవాబు తిరగబడుతుంది. నరకణాల కూడలిలో ప్రొటీన్లను కూర్చి పట్టి ఉంచే పనికి డీఎల్‌జీ2 అనే జన్యువు కావాలి. స్కిజోఫ్రీనియా ఉన్న కొద్దిమందిలో అందులో ఒక ముక్క ఉండదు. ఆ జన్యువు తీసేసిన ఎలుకలు తేలిక పాఠం నేర్చుకోగలిగాయి, చిక్కు పాఠాల్లోనూ, పాత జవాబు వదలాల్సి వచ్చినప్పుడూ తడబడ్డాయి. ఆ జన్యువు దెబ్బతిన్న మనుషులూ అలాంటి పరీక్షల్లోనే తప్పులు చేశారని 2013లో వచ్చిన ఆ ఎలుకల పరిశోధనే చూపించింది. ఆ ఎలుకల్ని మొండివని ఎవరూ రాయలేదు.

నా చివరి రోజులు బాగా సాగలేదు. ఒక కార్డు పోతే దాని చోట నలుపు తెలుపు జిరాక్స్ కాపీ పెట్టారు. రంగే లేని కార్డును రంగును బట్టి ఎవరు సర్దగలరు? ఇంకొకరు నా వరస చెడేలా కలిపేశారు. జాలిపడి ‘ఇప్పుడు రంగు కాదమ్మా’ అని అందించినవారూ ఉన్నారు. దాంతో ఆ మనిషి కష్టం రిపోర్టులో కనబడకుండా పోయింది. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది, నన్ను పాత కేస్ షీట్లతో పాటు ఇనప బీరువాలో పడేశారు. కిందటేడు వానలకు నీరు దిగి నా నీలి వృత్తాలు చెదిరిపోయాయి.

కంప్యూటర్ తప్పులు లెక్కపెట్టడంలో పొరపాటు చేయదు, ఒప్పుకుంటాను. కానీ సరైన చోటు మీద ఆగి వెనక్కి మళ్ళిన చెయ్యి దానికి కనబడదు. ఆ కుర్రాడి ఫైలు ఇదే బీరువాలో, నా కింది అరలోనే ఉంది. ఎవరైనా తాళం తీస్తే అందులోని ‘మొండి’ అన్న మాట కొట్టేసి పర్సెవరేషన్ అని రాయండి. పక్కనే, తప్పని తనకు తెలుసని అతనన్న మాట కూడా రాయండి.