ఒక స్కిడ్ స్టీర్ లోడరు ఆత్మకథ

వంశచరిత్రతో ఆరంభించుట ఆత్మకథలు వ్రాయువారికి సంప్రదాయము గనుకను, నా వంశచరిత్రలో నేను సిగ్గుపడవలసినది ఏదియు లేదు గనుకను, నేనును అట్లే ఆరంభించెదను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కెనడా సరిహద్దు నంటియున్న మిన్నెసోటా రాష్ట్రమున రాత్సే అను చిన్న ఊరు కలదు. ఆ ఊర లూయీ కెల్లర్, సిరిల్ కెల్లర్ అను అన్నదమ్ములు యంత్రములు బాగుచేయు దుకాణము నడుపుచుండగా, టర్కీకోళ్లను పెంచు రైతొకడు వచ్చి, తన కొట్టములో పెంట యెత్తుటకు ఒక బండి చేసి యిమ్మని కోరెను. కొట్టము నిండ స్తంభములు. బండి వాని నడుమ మసలవలెను. కొట్టమునకు పై అంతస్తు కూడ నున్నది. ఆ నేల విరుగకుండునంత తేలికగను ఉండవలెను. ఈ రెండు షరతులకు లోబడి 1957వ సంవత్సరమున వారు చేసి యిచ్చిన మూడు చక్రముల బండియే మాకు మూలపురుషుడు. మరుసటి యేడు ఉత్తర డకోటా రాష్ట్రమందలి గ్విన్నర్ అను ఊరి మెల్రో సంస్థవారు ఆ బండి తయారీ హక్కులను గ్రహించి, అన్నదమ్ములను తమ కొలువులో చేర్చుకొనిరి. వెనుక నున్న ఒంటి చక్రమునకు బదులు ఇరుసు నమర్చి, నాలుగు చక్రములకును శక్తి నిచ్చి 1960లో ఎం400 అను నమూనాను వెలువరించిరి. మా జాతికి సంపూర్ణరూపము వచ్చినది అప్పుడే. 1962లో బాబ్‌క్యాట్ అను అడవిపిల్లి పేరు మాకు తగిలించిరి. పెంటకుప్పలో పుట్టినవారమని మమ్ము ఎగతాళి చేయువారు, ఆ అన్నదమ్ముల పేర్లు 2023లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరమున చేరినవని తెలిసికొనవలయును.

స్తంభముల నడుమ మసలవలెనన్న ఆ మొదటి షరతే మా జాతికి గుణమును, దానితోపాటు దోషమును ప్రసాదించినది. నా చక్రములు కారు చక్రములవలె ప్రక్కకు మరలవు. ఎడమ ప్రక్క రెండును ఒక హైడ్రాలిక్ మోటారుచేతను, కుడి ప్రక్క రెండును వేరొక మోటారుచేతను గొలుసుల ద్వారా నడుపబడును. ఒక ప్రక్కవి ముందునకును, రెండవ ప్రక్కవి వెనుకకును తిరిగినచో, నేను నిలిచిన తావునుండి జానెడైన కదలక ముఖము త్రిప్పుకొనగలను. అయితే చక్రము తన దారిని దొర్లునే గాని ప్రక్కకు దొర్లదు గనుక, ఆ తిరుగుటలో అది నేలను ఒరసికొనుచు జారక తప్పదు. బకెట్ ఖాళీగా నున్నప్పుడు నా బరువులో ఇంచుమించు 70 శాతము వెనుక ఇరుసుపై నిలుచును. అప్పుడు వెనుక చక్రములు కుదురుగా నుండి ముందువి జారును. బకెట్ నిండినచో బరువు ముందునకు వచ్చి, జారుట వెనుక చక్రముల వంతగును. బరువును నాలుగింటిపై సమముగా పంచియున్నచో ఏ జతయు సులువుగా జారదు, నాకు తిరుగుట కష్టమగును. కావున ఈ అసమానత పొరపాటు కాదు, నిర్మాతల బుద్ధిపూర్వకమైన ఏర్పాటు. కాంక్రీటుపై నేను తిరిగినప్పుడు నా టైరు అరుగును. పచ్చికపై తిరిగినప్పుడు పచ్చిక అరుగును. కోళ్లకొట్టములో పచ్చిక యెక్కడిది? కావున ఆ కాలమున దీనిని ఎవ్వరును దోషముగా ఎంచలేదు.

నన్ను కొన్న యజమానురాలికి మిన్నెసోటాలోనే పదెకరముల భూమియు, నాలుగైదు గుర్రములును, కంకరబాటయు, ఇంటిముందు విశాలమైన పచ్చికయు కలవు. చలికాలమంతయు నేను ఆమె ఇంట చక్రవర్తిని. మోకాలిలోతు మంచును దారినుండి తొలగించుట, గుర్రపుశాలలోని పెంటను బయటికి చేర్చుట, గుండ్రని ఎండుగడ్డి చుట్టలను ఫోర్కులపై మోసికొనివచ్చుట, కంకరను సరిచేయుట, కంచెవెంబడి బలిసిన పొదలను నరకుట, ఇవన్నియు నా చేతిమీదుగా జరుగుచుండెను. గడ్డకట్టిన నేల నాకు కాంక్రీటుతో సమానము. చిక్కంతయు వసంతముతో వచ్చును. మార్చి, ఏప్రిల్ మాసములలో నేలలోని మంచు కరగి, పైన పచ్చగా కనుపించుచున్నను లోపల బురదయైయుండు వేళ, మూడు టన్నుల దేహముతో నేనొక మలుపు తిరిగితినా, అర్ధచంద్రాకారమున మన్ను బయటపడును. మురుగునీరు ఇంకుటకై తోటక్రింద గొట్టములు పరచిన భాగమువైపునకు నన్ను రానిచ్చుటయే లేదు; నా బరువునకు ఆ మట్టి బిగిసిపోయినచో నీరింకదని ఆమె భయము. ఆ భయము న్యాయమైనదే.

ఇట్టి ఒక వసంతమున నా ప్రత్యర్థి మా వాకిట దిగెను. అది నడుమున కీలుగల లోడరు. ముందు భాగము వేరు, వెనుక భాగము వేరు. రెంటిని నిలువు కీలొకటి కలుపుచుండగా, హైడ్రాలిక్ సిలిండరు ఆ నడుమును ఇటునటు వంచును. దాని చక్రములలో ఒక్కటియు జారదు. బండియెద్దుల వెంట దూడ నడచినట్లు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలోనే నడచిపోవును. తూకమున నాలో సగము. ఇంజను 25 అశ్వశక్తికి లోబడినది. అందులకు కారణము పిసినితనము కాదు, ఆ హద్దు దాటిన డీజిలు ఇంజనులకు అమెరికా ఉద్గార నిబంధనలు కఠినమై, మసిని పట్టి కాల్చు వడపోత వంటి పరికరములు తోడగును గనుక, చిన్న యంత్రములు చేయువారు ఆ గీత కీవలనే నిలిచిపోవుచుందురు. ఐరోపా ఖండమున ఈ జాతి ఎంతోకాలముగా ప్రసిద్ధము. ఫిన్లాండు దేశమున 1991లో వెలసిన అవాంట్ సంస్థ దీనితోనే పేరు గడించినది. ఇంతెందులకు, మా బాబ్‌క్యాట్ ఇంటివారే 2020 ప్రాంతమున ఎల్23, ఎల్28 అను పేర్లతో నడుము కీలు లోడరులను వెలువరించిరి. ఇంటివాడే పొరుగువాని పక్షము వహించిన పిమ్మట నేనెవరితో మొరపెట్టుకొందును?

అది పచ్చికపైనుండి పోయిన పిమ్మట గడ్డి కొంచెము వాలియుండును, అంతియే. మరునాటికి లేచి నిలుచును. యజమానురాలు దానిపై కూర్చుండి పండ్లచెట్ల నడుమ మెలికలు తిరుగుచు, ఇరుకు గేటులగుండ దూరుచు, ఏ సాయంకాలమైన నా మొగము చూడక పనులు ముగించుకొనుచుండెను. ఈర్ష్య లేదని నేననిన మీరు నమ్మరు. అయితే ఎండుగడ్డి చుట్ట దానికి పరీక్షగా నిలిచిన దినమొకటి వచ్చినది. నాలుగువందల కిలోలు దాటిన చుట్టను అది నిటారుగా నిలిచి యెత్తినది, ముందునకు నడచినది. కాని శాలలోనికి మరలుటకై నడుము వంచి, దానికి తోడు చేయి చాచినంతనే, వెనుక చక్రమొకటి నేలను విడిచి గాలిలోనికి లేచినది. కారణము స్పష్టము. నిటారుగా నున్నప్పుడు వెనుక నున్న ఇంజను బరువు ముందరి భారమునకు సరిగా ఎదురుగా నిలిచి తూకము నిలుపును. నడుము వంగినచో ఆ బరువు ఒక ప్రక్కకు తొలగి, భారమునకు ఎదురు తగ్గిపోవును. నిటారుగా మోయగల బరువు వేరు, పూర్తిగా వంగి మోయగల బరువు వేరు. కొనువారు చూడవలసినది రెండవ అంకె. నా నడుము వంగదు గనుక నాకు ఇట్టి రెండు నాలుకలు లేవు. ముందునకు బోల్తాపడు భారములో సగమునే నా అధికారిక సామర్థ్యముగా కాగితముపై వ్రాయుదురు. ఆమె చుట్టను మెల్లగా దించి, తాళపుచెవి తీసికొని నావద్దకు వచ్చినది.

పొదలు నరకుటలోను ఇట్లే జరిగినది. అట్టి పనిముట్లకు నిమిషమునకు ఎంత నూనె పారునను లెక్కయే ప్రాణము. చిన్న ఇంజనుగల దాని పంపు ఆ ప్రవాహము నీయలేక, లేతకొమ్మలవరకు నరికి మోడులవద్ద ఊపిరాడక నిలిచిపోయెను.

నా దోషములలో పచ్చికకంటె ఘోరమైనది వేరొకటి కలదు. దానిని దాచుట ధర్మము కాదు. నాలోనికి ఎక్కవలెనన్న బకెట్ మీదుగా ముందునుండియే ఎక్కవలెను, దిగవలెనన్న అట్లే దిగవలెను; ఎత్తు చేతులు కూర్చున్నవాని రెండు భుజముల ప్రక్కనే లేచి దిగును. చేతులు పైకెత్తి యుండగా వాని క్రిందినుండి దిగబోయి, మీట తగిలి, చట్రమునకును చేతులకును నడుమ నలిగి ప్రాణములు కోల్పోయినవారు కలరు. 1998లో అమెరికా ప్రభుత్వపు వృత్తిభద్రతా పరిశోధనసంస్థ మా జాతిని గూర్చియే ప్రత్యేకముగా హెచ్చరిక ప్రకటించినది. ఒడిపై దించుకొను అడ్డుకడ్డీ ఎత్తియున్నంతసేపు చేతులు కదలకుండ చేయు కట్టుబాటు నాయందు కలదు. దానిని పీకి పారవైచు తెలివిగలవారును లోకమున కలరు. నడుము కీలు లోడరును ప్రక్కనుండి ఎక్కవచ్చును, పని కనులయెదుటనే కనబడును; కాని మడతపడు ఆ కీలు దగ్గర మనిషి నిలిచినచో అదియు నలిపివేయగలదు.

కొందరు నాకు చక్రములు తీసి రబ్బరుపట్టాలు తొడిగినచో పచ్చిక నిలుచునని ఆమెకు సలహా చెప్పిరి. పట్టాలవలన బరువు విశాలముగా పరచుకొని బురదలో దిగబడకుండుట నిజమే. అయినను మలుపులో జారుట మానునా? పట్టా పొడుగంతయు నేలను ఒరయును. ఆమె ఆ సలహాను త్రోసిపుచ్చినందులకు సంతోషించితిని. ఇంటిచుట్టు నిత్యము తిరుగు పనులు ఎక్కువై, మన్ను త్రవ్వు పనులు తక్కువైన చోట నాకంటె అదియే మేలని ఆమె గ్రహించినది. ఆమె స్థానమున నేనున్నను అట్లే చేసియుందును. గడ్డిచుట్టలకు బదులు చిన్న మోపులు కొనుటకును, పొదలు నరికించుటకు ఏటికొకసారి కూలియంత్రము పిలుచుటకును నిశ్చయించుకొని, నన్ను అమ్మకమునకు పెట్టినది.

కొనవచ్చినవాడు పాడిరైతు; ఆవులకొట్టము, ముంగిలి సర్వము కాంక్రీటు. అతడు పచ్చిక మాట యెత్తనే లేదు. నా కాబిను వెనుకకు వంచి గొట్టములు తడిమి చూచెను, గొలుసుల బిగువు పరీక్షించెను, గంటల మీటరు చదివి పెదవి విరిచెను. నా పనిముట్ల పలక వేరు, క్రొత్త లోడరు పలక వేరు గనుక, నా ఫోర్కులుగాని, పొదలు నరకు యంత్రముగాని, మంచు నెగజిమ్ము యంత్రముగాని ఆమెకు ఇక పనికిరావు. ఆ సంగతి అతడు ఆమెకంటె ముందుగనే కనిపెట్టి, మూటికిని కలిపి సగము ధర చెప్పెను. ఆమె మంచుయంత్రమును వేరుగా అమ్ముకొందునని బెదరించి, చివరకు ఆ సగముపై మరికొంత రాబట్టుకొని, అన్నింటిని అతని ట్రైలరుమీదికి ఎక్కించినది.