పేర్ల మామ

హిందూపురంలో పాప పుట్టిందంటే చాలు, మిఠాయి డబ్బా కంటే ముందు పేర్ల మామ దిగుతాడు. ఇలాంటి మామ ప్రతి బంధుబలగంలోనూ ఒకడుంటాడు. పెనుకొండలో రిటైరైన మాస్టారు, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ఊరేదైనా షరతులు ఒకటే: పేరు మూడక్షరాలు దాటకూడదు, ఆ వీధిలో ఇంకెవరికీ ఉండకూడదు, అర్థం అడిగినవాళ్లు నోరు మూసుకోవాలి.

ముందు నక్షత్రం అడుగుతాడు. అశ్వినికి చు, చే, చో, ల అని గడగడా అప్పజెప్తాడు. ఆరుద్ర మూడో పాదమంటే మాత్రం గొంతు సవరించుకుంటాడు. దాని అక్షరం ‘ఙ’ మరి.

“ఇంకో ఆరు గంటలు ఆగింటే ‘ఛ’ వచ్చిండేది. ఛాయ అని పెట్టేసేవాళ్లం” అని నేరం బాలింత మీదికి తోస్తాడు.

తన్వి అంటే సన్ననిది. బొద్దుగా పుట్టిన పాపకు అదే ఖాయం చేస్తాడు. హాసిని పనికిరాదు, 2006లో ‘బొమ్మరిల్లు’ వచ్చాక పుట్టిన హాసినులు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. అర్థం తెలియని పేరు ఎదురైతే అన్నింటికీ ఒకటే మందు: “లక్ష్మీదేవి!”

ఈసారి మృగశిర నాలుగో పాదం, ‘కి’. మామ కళ్లు మెరిశాయి: కియారా! కియారా అద్వానీ అసలు పేరు ఆలియా. 2010 నాటి ‘అంజానా అంజానీ’లో ప్రియాంకా చోప్రా పాత్ర పేరు నచ్చి మార్చుకుంది. ఇటలీలో కియారా అంటే కాంతిమంతమైనది.

జేజికి నోరు తిరగలేదు. “కీరానా? దోసకాయ పేరు యాల పెడ్తావబ్బీ? మా అత్త కదిరమ్మ పేరు పెట్టకూడదా?”

ఐర్లాండులో ‘కీరా’ అనే పలికే ఆడపిల్లల పేరు నిజంగానే ఉంది. నలుపు అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. పాప మేనత్త ఫోన్‌లో వెతికి ఆ సంగతి బయటపెట్టింది. ఒకచోట వెలుగు, ఇంకోచోట నలుపు! మామ తొణకలేదు. “పగలూ లక్ష్మే, రాత్రీ లక్ష్మే.”

వెంటనే మాట ఊళ్ల పేర్ల మీదికి మళ్లించాడు. పెనుకొండ అంటే పెద్ద కొండ. హిందూపురం మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద వెలిసిందంటారు. ధర్మవరానికి క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని చెప్తారు.

“అయితే ధర్మాంబ అని పెడదామా?” అన్నాడు పాప నాన్న. మామకు హఠాత్తుగా కాఫీ గుర్తొచ్చింది.

జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. ఏడాదిలోపు రాయిస్తే రుసుం లేదు, రుసుం కడితే పదిహేనేళ్ల దాకా గడువుంది. ఆ ధీమాతోనే మామ ధర్మవరం బయల్దేరాడు. అక్కడ కవలలట.

“పదహైదేండ్లా!” అంది జేజి. “అప్పటికి అదే పెట్టుకుంటాది లే, నువ్వు బస్సెక్కు.”